కన్నం ఖరీదు

పతిరాజు గారి కాంటెస్సా
పాలకొల్లులో నా షెడ్డుకి వచ్చిన పూట
ముందుగా నేను చేసిన పనే తప్పు పని.

సైలెన్సరు పొట్టకింద
చింతగింజంత కన్నం, తుప్పు కొరికింది.
అడగలేదు. రాడ్డు అందుకుని పూడ్చేశాను.
పాతికేళ్ళ అలవాటు చేతిది,
కన్నం కనబడితే ఆగదు.

ఆయన వచ్చింది అందుకు కాదు.
"దీని గొంతు మార్చాలయ్యా" అన్నారు.
ఫోనులో ఏ దేశానివో ఎర్ర బళ్ళు చూపించారు,
ఎనిమిది సిలిండర్లవి, పొడుగు ముక్కులవి,
నిలబడే నేలని గడగడలాడించేవి.
"ఇలా పలకాలి."
మనది నాలుగు సిలిండర్లండి, అన్నాను.
నలుగురు బోయీలు మోసే పల్లకీకి
ఎనిమిది మంది అడుగుల చప్పుడు రాదండి.
ఆయన నవ్వి, అడ్వాన్సు బల్లమీద పెట్టారు.

మొదట తిన్నటి గొట్టం వేశాను,
రెండున్నర అంగుళాలు, అడ్డూ ఆపూ లేదు.
తాళం తిప్పగానే
కాలవలో బాతుల మంద రెండుగా చీలిపోయింది.
కొబ్బరిచెట్టు మీద దింపు తీస్తున్నవాడు
కత్తి ఆపి మమ్మల్ని తిట్టాడు,
ఏం తిట్టాడో వినబడితేగా.
రాజుగారి మొహం ఒక్క నిమిషం వెలిగింది.
"అరుపే గానీ మాట కాదోయ్ ఇది."

రెండోది గాజుదూది కూరిన డబ్బా.
నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది.
తీసేశాం.

పని నేర్పిన అబ్బులు
నన్ను లాకుల దగ్గర నిలబెట్టి చూపించేవాడు:
తలుపు బెత్తెడెత్తితే నీళ్ళు బుసకొడతాయి,
సగం ఎత్తితే గుడగుడమంటాయి,
మొత్తం ఎత్తేస్తే ఏమీ అనవు, వెళ్ళిపోతాయి.
"చప్పుడు నీళ్ళది కాదురా, తలుపుది."

అందుకని మూడోది సొంతంగా కట్టాను.
నర్సాపురం రేవులో పాత పంటు విప్పినప్పుడు
తూకానికి కొన్న మందపాటి రేకు.
లోపల మూడు గదులు,
గుమ్మానికి గుమ్మం ఎదురు రాకుండా.
రెండు రాత్రులు పట్టింది.
స్టార్టు చేస్తే,
తెల్లారగట్ల పంటు రేవు వదిలేముందు
బల్లలు వణుకుతాయి చూడండి, అలా
చెవికన్నా ముందు అరికాలికి తెలిసింది.

చించినాడ వంతెన మీద తోలి చూశాం.
పిట్టగోడ ఆ శబ్దాన్ని ముక్కలుచేసి
మా మీదికే విసిరింది.
కింద వశిష్ఠ పట్టించుకోలేదు.
రాజుగారు మూడో గేరులోనే ఉంచి
అటు చివరిదాకా వెళ్ళి, మాట్లాడకుండా తిరిగొచ్చి,
డబ్బు మొత్తం ఇచ్చేశారు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ షెడ్డు ముందు.
గొంతు బాగుందన్నారు.
రొయ్యల చెరువు కుర్రాళ్ళు
ఏరియేటర్లు ఆపి మరీ విన్నారట.
కాసేపు తలుపుమీది దుమ్ముని గోటితో గీకారు.
"నల్లోడు గేటు దాకా రాలేదయ్యా.
చూపు ఆనదు వాడికి, చెవులే దిక్కు.
పన్నెండేళ్ళు, నేను మలుపు తిరక్కముందే
గేటు దగ్గరుండేవాడు.
రాత్రి నన్ను మొరిగాడు.
పేరుపెట్టి పిలిచినా
చెయ్యి వాసన చూశాకే తోక ఊపాడు."

నేనేం చెప్పను.
తుక్కుకుప్పలోంచి పాత సైలెన్సరు లాగాను.
నా అతుకు ఇంకా మెరుస్తోంది.
అప్పుడు గుర్తొచ్చింది,
బండి వచ్చిన పూట గట్టుమీంచే వినబడ్డ
సన్నటి ఈల,
పాల కుక్కరు కూతకి ముందు తీసే ఊపిరిలాంటిది.
దాని నోరు మూసింది నేనే.

కొత్త పెట్టె మూడో గదికింద డ్రిల్లు పెట్టాను.
ఆరు మిల్లీమీటర్లు. చాల్లేదు. ఎనిమిది.
ఆయన ఇంజను ఆన్ చేసి కళ్ళు మూసుకున్నారు.
నేను బండికింద వెల్లకిలా పడుకుని
తడిగుడ్డతో మూసి, తీసి, మళ్ళీ మూసి.
"ఇంకొంచెం... ఉహూఁ... ఆఁ, అదీ."

నల్లోడు వచ్చాడో లేదో నాకు తెలియదు.
రాజుగారు మళ్ళీ ఇటు రాలేదు.
బిల్లు పుస్తకంలో ఆ కాగితం ఇంకా చింపలేదు.
"కన్నం, ఒకటి" అని రాశాను.
పక్క గడిలో ఏం వెయ్యాలో తోచలేదు.